పాత బీముకు బయటి కేబులు: పాలకొల్లు ఫంక్షన్ హాలు పనిపై రివ్యూ

పాలకొల్లు దగ్గర రెండంతస్తుల ఫంక్షన్ హాలు. కింద పెళ్లి మండపం, పైన మొదట్లో విడిది గదులు. ఆ గదుల గోడలు తీసేసి పై అంతస్తును భోజనాల హాలు చేశారు. కింది సీలింగులో 12 మీటర్ల స్పాను (రెండు ఆధారాల మధ్య దూరం) బీములు, నాలుగు మీటర్లకొకటి చొప్పున. వెడల్పు 300 మి.మీ., స్లాబుతో కలిపి లోతు 750 మి.మీ. స్పాను మధ్యలో అడుగున 0.3 మి.మీ. దాకా పగుళ్లు. ఈ బీములకు బయటినుంచి స్టీలు కేబుళ్లు కట్టి, జాకుతో లాగి బలమిచ్చే పనిని హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక సంస్థ చేసింది. ఆ సర్వీసు మీద ఈ రివ్యూ.

ముందు మార్కులు: ఐదుకి మూడున్నర. జాకు పట్టిన కుర్రాళ్ల పని ముచ్చటగా ఉంది. కేబులు చివర్లను మూసిన తీరు, పునాది ఊసే ఎత్తకపోవడం బాగోలేదు. ఈ పద్ధతిలో కేబులు నడిమధ్యన తెగడం అరుదు. పాడయ్యేది చివర్ల దగ్గరే. డబ్బు పెట్టేవాళ్లు చూడాల్సింది కూడా అక్కడే.

అసలు బలం ఎందుకు చాలలేదు? భవనాల లోడుల భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం పడక గదుల మీద చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే సుమారు 200 కిలోల లోడు లెక్కేస్తారు. కుర్చీలు బిగించని సమావేశపు హాలుకు 5 కిలోన్యూటన్లు వెయ్యాలి. ఒక బంతి లేవకముందే రెండో బంతివాళ్లు కుర్చీల వెనకాల నిలబడటం మన భోజనాల హాళ్లలో మామూలే కాబట్టి ఆ 5 ఎక్కువేమీ కాదు. తేడా 3 కిలోన్యూటన్లు. నాలుగు మీటర్ల వెడల్పుకు చూస్తే బీము మీద మీటరుకు 12 కిలోన్యూటన్ల అదనపు బరువు. 12 మీటర్ల స్పానుకు సాదా లెక్కలో 216 కిలోన్యూటన్ మీటర్ల అదనపు బెండింగు మూమెంటు, అంటే బీమును వంచే ప్రభావం. గోడలు తీసినందుకు కొంత బరువు తగ్గిన మాట నిజమే. కానీ ఆ స్థానంలో గ్రానైటు పరిచారు, దాన్ని లాభంలో వేసుకోకూడదు.

ఈ 216ని కేబులు ఎలా మోస్తుందో సంస్థ ఇచ్చిన డిజైను షీటులో సరిగ్గానే ఉంది. బీముకు రెండు పక్కలా రెండేసి, మొత్తం నాలుగు స్ట్రాండ్లు, అంటే తీగలు పేనిన కేబుళ్లు. ఒక్కోటి ఏడు తీగల 12.7 మి.మీ. రకం, ఐఎస్ 14268 ప్రకారం వైశాల్యం 98.7 చదరపు మి.మీ., తెగే బలం 183.7 కిలోన్యూటన్లు. గ్రీజు పూసి పైన హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ తొడుగు వేసిన సరుకు. చివర్లలో కేబులు స్లాబు పైమట్టానికి 250 మి.మీ. దిగువన మొదలై, స్పానులో మూడో వంతు, మూడింట రెండు వంతుల దగ్గర బిగించిన డీవియేటర్ల (కేబులు దారి మళ్లించే వంపు పైపుల) కింద బీము అడుగు మట్టానికి దిగుతుంది. దిగుడు 500 మి.మీ., దూరం 4 మీటర్లు. లాగినప్పుడు కేబులు తిన్నగా అవ్వాలని చూస్తుంది, డీవియేటరు దాన్ని ఆపుతుంది, ఆ తోపుడు బీమును పైకి ఎత్తుతుంది. నష్టాలు పోను స్ట్రాండుకు 115 కిలోన్యూటన్లు మిగిలితే నాలుగింటికి 460. ఒక్కో డీవియేటరు దగ్గర పైకి ఎత్తే బలం 57 కిలోన్యూటన్లు, దాన్ని 4 మీటర్లతో గుణిస్తే 228. కావలసింది 216 కాబట్టి సరిపోయింది. ఇది సర్వీసు లోడు (రోజువారీ వాడుక బరువు) లెక్క మాత్రమే. అల్టిమేట్ (కూలే ముందు దశ) లెక్క వేరేగా చూడాలి. కాంక్రీటుకు అతుక్కోని కేబులులో చివరి దశలోనూ బలం పెద్దగా పెరగదు. షీటులో ఆ పేజీ కూడా ఉంది.

షియర్ (బీమును అడ్డంగా కోసే బలం) దగ్గర మాత్రం షీటు గొంతు తగ్గించింది. అదనపు లోడుతో బీము చివర 72 కిలోన్యూటన్ల షియర్ పెరుగుతుంది. ఏటవాలు కేబులు 57 తీసుకుంటుంది. మిగిలిన 15 పాత స్టిరప్పులే (మెయిన్ రాడ్ల చుట్టూ ఉండే రింగులు) మోయాలి. అవి ఎంత దూరంలో ఉన్నాయో కవర్ మీటరుతో (కాంక్రీటు లోపలి రాడ్లను పసిగట్టే పరికరం) చూసి రాసుంటే అనుమానం ఉండేది కాదు. చాలకపోతే చివరి రెండు మీటర్లకు కార్బన్ ఫైబర్ గుడ్డను యూ ఆకారంలో చుడితే సరిపోయే వ్యవహారం.

ఇదే పనికి వేరే దారులు లేవా అంటే ఉన్నాయి. ఆర్‌సీసీ జాకెట్ వేస్తే పక్కకు 100 మి.మీ. చొప్పున కాంక్రీటు చేరుతుంది. మన డెల్టా మెత్తటి బంకమట్టి మీద, రెండడుగులు తవ్వితే నీళ్లు ఊరే చోట, ఆ బరువు పునాదికి పనికట్టుకుని పెట్టిన భారం. కార్బన్ పట్టీలు తేలికే, కానీ అతికించిన తర్వాత వచ్చే కొత్త లోడులోనే అవి పాలుపంచుకుంటాయి. అప్పటికే ఉన్న పగులును మూయవు. కేబులు బిగించిన క్షణం నుంచే పాత బరువును కూడా పైకి నెడుతుంది. బీముకు నాలుగు స్ట్రాండ్ల బరువు 37 కిలోలు, బ్రాకెట్ల ఇనుము కలిపినా జాకెట్‌తో పోల్చే పని లేదు. రాజమండ్రిలో 1997లో పూర్తయిన ఆర్చి రైలు వంతెనలో 97.5 మీటర్ల స్పాన్లు నిలబడింది ప్రీస్ట్రెస్డ్ (ముందే కేబుళ్లు లాగి బిగించిన) కాంక్రీటుతోనే. సూత్రం గోదావరి జిల్లాలకు కొత్తది కాదు, భవనాలకు వాడటమే కొత్త.

పని మొదలయ్యే ముందు సంస్థ చేసిన పరీక్షలు: రీబౌండ్ హ్యామర్ (తట్టి కాంక్రీటు గట్టిదనం చూసేది), మూడు కోర్లు (తొలిచి తీసిన కాంక్రీటు ముక్కలు), రాడ్ల లొకేటరు. క్లోరైడు (రాడ్లను తుప్పు పట్టించే ఉప్పు) పరీక్ష చేయలేదు. భీమవరం, పాలకొల్లు, నరసాపురం వైపు ఇది వదిలేయదగ్గ పరీక్ష కాదు. చుట్టూ రొయ్యల చెరువులు, బోరు నీళ్లు ఉప్పన. పాత కట్టడాల్లో ఆ నీళ్లతోనే కాంక్రీటు కలిపినవి చాలా ఉంటాయి. కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఆర్‌సీసీకి కలిపే నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మి.గ్రా. దాటకూడదు, కాంక్రీటు పోసేటప్పుడు అందులో మొత్తం క్లోరైడు ఘనపు మీటరుకు 0.6 కిలోలు మించకూడదు. డ్రిల్లు పొడి తీసి ల్యాబుకు పంపితే తేలిపోతుంది. లోపలి రాడ్లు తుప్పు పట్టి కవరు (రాడ్ల మీది కాంక్రీటు పొర) పెచ్చులూడుతుంటే కేబులు దాన్ని ఆపదు. ముందు రాడ్డు శుభ్రం చేసి ప్యాచ్ వేసి, ఆ తర్వాతే బిగింపు.

పగుళ్లలో ఎపాక్సీ (గట్టిపడే జిగురు) ఇంజెక్షను లాగడానికి ముందే అయింది, వరస సరైనదే. లాగాక పగులు మూసుకుపోతే ఎపాక్సీ లోపలికి దిగదు, నలిగిన పొడి మధ్యలో ఇరుక్కుని ఒత్తిడి సమంగా పాకదు.

బ్రాకెట్ల పని పర్వాలేదు. బీముకు రెండు పక్కలా స్టీలు బ్రాకెట్లు, బీము గుండా ఎనిమిది ఎం24 (24 మి.మీ. వ్యాసం) బోల్టులు, 8.8 గ్రేడు (అధిక బలం రకం). ఒక్కో పక్క వచ్చే లాగుడు 257 కిలోన్యూటన్లు. బోల్టు ఇనుము మాత్రమే చూస్తే రెండు బోల్టులు చాలు, కానీ బోల్టు కింద పాత కాంక్రీటు నలుగుతుంది, అందుకే ఎనిమిది. ప్లేటుకూ బీముకూ మధ్య సందును నాన్‌ష్రింక్ గ్రౌటుతో (గట్టిపడ్డాక కుంచించుకోని సిమెంటు ముద్ద) నింపారు. ఇది నింపకుండా బోల్టులు బిగిస్తే ప్లేటు వంగి, ఉన్న రెండు మిట్టల మీదే ఆనుకుంటుంది. రంధ్రాలు వేసేటప్పుడు మెయిన్ రాడ్డు తగలకుండా రాడ్ల గీతలు బీము మీద సుద్దతో గీసుకున్నారు. ఒకచోట గీత తప్పి స్టిరప్పు తెగింది. రంధ్రం పూడ్చి పక్కకు జరిపారు గానీ డ్రాయింగులో ఆ మార్పు ఎక్కించలేదు.

డీవియేటర్లు చక్కగా చేశారు. 2.5 మీటర్ల వ్యాసార్ధంలో వంచిన పైపు, పొడవు 310 మి.మీ., రెండు చివర్లూ గంట మూతిలా విప్పినవి. ఇక్కడ పదునైన అంచు ఉంటే లాగేటప్పుడు హెచ్‌డీపీఈ తొడుగు చీరుకుపోతుంది, చీలిక పైపు లోపల ఉండటం వల్ల కంటికి కనపడదు. అందుకని తొడుగు మీద పెయింటుతో గుర్తులు పెట్టి, లాగాక అవి అంతే దూరంలో ఉన్నాయా అని చూసే అలవాటు ఈ జట్టుకు ఉంది. మెచ్చుకోవాలి.

ఇక లాగుడు. గరిష్ఠ లాగుడు తెగే బలంలో 70 శాతం, అంటే 128.6 కిలోన్యూటన్లు. ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 1343 అయితే 76 శాతం దాకా అనుమతిస్తుంది, పాత బీము మీద అంత తెగించకపోవడమే మేలు. వాళ్ల మోనోస్ట్రాండ్ (ఒక్కో స్ట్రాండునే లాగే) జాకు పిస్టన్ వైశాల్యం 48 చదరపు సెం.మీ. కాబట్టి గేజి 268 బార్ చూపించాలి. జాకు, గేజి కలిపి కాలిబ్రేషన్ చేసిన సర్టిఫికెట్ చూపించారు, తేదీ ఆరు నెలల లోపుదే. జాకు ఒకచోటిది, గేజి మరోచోటిది అయితే సర్టిఫికెట్ చిత్తుకాగితమే, నంబర్లు సరిచూసుకోవాలి.

కేబులు పొడవు 11.6 మీటర్లు. స్టీలు సాగుడు లెక్కిస్తే 77 మి.మీ. రావాలి. ఐదు శాతం అటూ ఇటూ, అంటే 73 నుంచి 81 దాకా ఒప్పుకోవచ్చు. సున్నా నుంచి కొలిస్తే కేబులు వదులు కూడా సాగుడులో కలిసిపోతుంది. వీళ్లు 25 శాతం దగ్గర స్ట్రాండు మీద తెల్ల పెయింటు గీత పెట్టి, అక్కణ్నుంచి 100 శాతం దాకా కొలిచి, వచ్చిన 58ని 0.75తో భాగించారు. ఒక పక్క స్ట్రాండు 25 శాతం, వెంటనే ఎదురు పక్కది 25, తర్వాత 50, 75, 100, ఇలా మార్చి మార్చి లాగారు. ఒకే పక్క పూర్తిగా లాగితే బీము పక్కకు వంగుతుంది. జాకు వెనకాల ఎవర్నీ నిలబడనివ్వలేదు. యజమాని బంధువొకాయన ఫోన్లో వీడియో తీస్తానంటే కూడా పంపేశారు.

ఇక్కడ పొట్టి కేబుళ్ల జబ్బు ఒకటి చెప్పాలి, కొటేషన్లలో ఎవరూ రాయరు. జాకు వదిలేయగానే వెడ్జి (స్ట్రాండును కొరికి పట్టుకునే పళ్ల చీల) స్ట్రాండుతో పాటు లోపలికి కొంత జారి పట్టుకుంటుంది. మామూలుగా 6 మి.మీ. ఆ 6 మి.మీ. నలభై మీటర్ల కేబులులో లెక్కలోకి రాదు. 11.6 మీటర్ల కేబులులో 10 కిలోన్యూటన్లు మింగేస్తుంది. 128.6లోంచి అది పోగా 118.6. తర్వాత రిలాక్సేషను (లాగి ఉంచిన స్టీలు కాలక్రమంలో కొంత బలం వదలడం) పోతే డిజైనులో అనుకున్న 115 మిగులుతుంది. అంటే జారుడులో ఒక్కో మిల్లీమీటరుకు దాదాపు 1.7 కిలోన్యూటన్లు. ఎలాంగేషను (సాగుడు) షీటు ఎంత అందంగా ఉన్నా, జారుడు కొలవకపోతే ఆ షీటు లాకైన తర్వాతి బలాన్ని చెప్పదు.

మూడో బీము తూర్పు చివర ఇదే జరిగింది. లాక్ అయ్యాక పెయింటు గీత 11 మి.మీ. లోపలికి పోయింది. దగ్గరగా చూస్తే వెడ్జి రెండు ముక్కల్లో ఒకటి రెండోదానికంటే 2 మి.మీ. ముందుకు దూసుకుపోయి ఉంది. పళ్ల సందుల్లో ఎర్రటి తుప్పు. హాళ్లు ఖాళీగా దొరికేది ఆషాఢంలోనో మూఢంలోనో. ఆషాఢమంటే వానలు, గోనెసంచిలో పెట్టిన వెడ్జిలు ఒక్క రాత్రికే చెమ్మ పడతాయి. గాలి చొరని డబ్బాలో, నూనె కాగితంలో చుట్టి ఉంచాల్సిన వస్తువులవి. తుప్పు పళ్లు స్ట్రాండును సమంగా కొరకవు, బ్యారెల్ (వెడ్జి కూర్చునే ఉక్కు గొట్టం) ఏటవాలులో ముక్కలు సమంగా జారవు.

సరిదిద్దిన పద్ధతి మాత్రం చేయి తిరిగినవాళ్లది. వెడ్జి పీకి అదే చోట మళ్లీ కొరికిస్తే పాత పంటి గాట్ల మీదే కొత్త గాట్లు పడి పట్టు చెడుతుంది. అందుకని లిఫ్టాఫ్ చేశారు: చిన్న కుర్చీ (జాకు ఆనే ఉక్కు స్టాండు) పెట్టి జాకుతో బ్యారెల్‌ను మెల్లగా లాగితే, ఏ ఒత్తిడి దగ్గర అది ప్లేటు నుంచి లేస్తుందో అదే కేబులులో ఉన్న అసలు బలం. 247 బార్ దగ్గర లేవాల్సింది 230 దగ్గరే కదిలింది. సుమారు 110 కిలోన్యూటన్లు. గుర్రపు నాడా ఆకారంలో ఉన్న 5 మి.మీ. షిమ్ము (సందు నింపే ఉక్కు పలక) బ్యారెల్ కింద దూర్చి దింపేశారు, పట్టు చెదరకుండా పోయిన బలం తిరిగొచ్చింది. మిగతా వాటిలో కూడా నాలుగోవంతు స్ట్రాండ్లకు మర్నాడు లిఫ్టాఫ్ చేసి చూపమని అడిగితే ఏమీ గొణగకుండా చేశారు. ఈ సర్వీసులో మాకు బాగా నచ్చిన సంగతి ఇదే.

యజమానికి నిరాశ కలిగించిన విషయమొకటి: కిందికి కుంగిన బీము తిన్నగా అవుతుందని ఆయన అనుకున్నారు. లెక్క ప్రకారం పైకి లేచేది 7 మి.మీ. లోపే, చివర్లు కాలమ్సుకు బిగిసి ఉంటే ఇంకా తక్కువ. ఏళ్ల తరబడి క్రీపుతో (ఎడతెగని బరువు కింద కాంక్రీటు మెల్లగా కుంగడంతో) దిగిన వంపు వెనక్కి రాదు. డయల్ గేజిలో 4 మి.మీ. లేచింది. పగుళ్లు వెంట్రుకవాసి అయ్యాయి. అమ్మేటప్పుడే ఇది చెప్పి ఉండాల్సింది.

ఇప్పుడు తిట్లు. లాగడం అయ్యాక స్ట్రాండు తోకలను డిస్కుతో కోశారు, గ్యాస్ కట్టరు వాడలేదు, అంతవరకు బాగుంది. కానీ మూతలు పెట్టడం మాత్రం చివరి రోజు బస్సు టైముకు తేల్చేసిన పని. మూతలో గ్రీజు నిండుగా ఉండాలి, రబ్బరు రింగు కూర్చోవాలి, తొడుగు ఆగిపోయిన చోటినుంచి బ్యారెల్ దాకా బయటపడ్డ స్ట్రాండుకు స్లీవు ఉండాలి. కొన్ని మూతలు విప్పి చూస్తే గ్రీజు సగమే ఉంది, స్లీవు 30 మి.మీ. పొట్టిగా ఉంది. సముద్రం అంత దూరమేమీ కాని ఊళ్లో ఆ 30 మి.మీ.లోనే తుప్పు మొదలవుతుంది. అధిక బలమున్న తీగలో చిన్న గుంత పడినా చాలు, తెగడానికి ముందు వంగి హెచ్చరించే గుణం దానికి లేదు. ఫోన్ చేసి పిలిపిస్తే వచ్చి పూర్తి చేశారు, కానీ పిలవాల్సి వచ్చింది.

అగ్ని సంగతి కూడా తేలిగ్గా తీసుకున్నారు. స్ట్రాండు 400 డిగ్రీల సెల్సియస్ దగ్గర సగం బలం కోల్పోతుంది. కింద మండపంలో పూల డెకరేషను, గుడ్డ పందిరి, విద్యుద్దీపాలు ఉండే చోట కేబుళ్లు ఉత్తగా వేలాడకూడదు. వీటికి అగ్నిని ఆపే బోర్డు పెట్టె కట్టాలి. కేబుళ్లు పూర్తిగా పోయినా బీము తన బరువుతో పాటు కొంత జనాన్ని కూలకుండా మోయగలదా అన్న లెక్క డిజైనులో ఉండాలి. అడిగాక ఇచ్చారు. ఫాల్స్ సీలింగ్ వేసేవాళ్లు ప్రతి యాంకరు (కేబులు చివరి బిగింపు) కింద తలుపు వదిలేలా డ్రాయింగు ఇవ్వలేదు. సీలింగు మూసేశాక ఆ మూతలను చూసే నాథుడుండడు.

పునాది. కేబులు బీమును కాపాడుతుంది, బరువును మాయం చేయదు. అదనంగా వచ్చే 72 కిలోన్యూటన్లు, ఏడు టన్నుల పైచిలుకు, ప్రతి బీము చివరనుంచి కాలమ్‌లోకి, అక్కణ్నుంచి బంకమట్టిలోకి దిగుతుంది. సంస్థ కాంట్రాక్టులో 'బీము వరకే మా బాధ్యత' అని ఒక లైను ఉంది. చట్టం ప్రకారం చెల్లుతుందేమో గానీ, పైల్సు ఉన్నాయా, ఫుటింగులా, పాత మట్టి పరీక్ష ఎక్కడ అని అడగకుండా జాకు ఎత్తడం ఈ నేల మీద చేయకూడని పని. ఇక్కడ ఫుటింగు వెడల్పు తవ్వి చూశాకే ముందుకెళ్లారు, అదీ స్థానిక ఇంజనీరు పట్టుబట్టడం వల్ల.

ధర విషయంలో ఒక సూచన. కొటేషను స్ట్రాండు కిలో లెక్కన ఇస్తే ఒప్పుకోవద్దు. బీముకు 37 కిలోల స్ట్రాండుకు కిలో రేటు ఎంతైనా పెద్ద తేడా రాదు. అసలు ఖర్చు బ్రాకెట్లు, డ్రిల్లింగు, మెషీను తెచ్చి తీసుకెళ్లడంలో ఉంటుంది, అవి 'అదనం' గడిలోకి జారిపోతాయి. బీముకింత అని, లిఫ్టాఫ్, మూతలు, అగ్ని పెట్టె, క్లోరైడు పరీక్ష కలిపి రాయించుకోవాలి. బిల్లులో పది శాతం ఆపి, ఒక వానాకాలం గడిచాక ఎంచుకున్న నాలుగు మూతలు విప్పించి, గ్రీజు నల్లబడకుండా ఉంటే అప్పుడు విడుదల చేయడం మంచిది. స్ట్రాండు కాయిల్ నంబర్లు, లాగుడు షీట్లు, షిమ్ము పెట్టిన చోటు, జరిపిన రంధ్రం, ఇవన్నీ ఉన్న ఫైలు హాలు ఆఫీసులో ఒకటి, యజమాని ఇంట్లో ఒకటి ఉండాలి.